అడ్డుపుల్ల ఎవరి హక్కు?

అమెరికా సెనేట్‌లో సభ్యులు నూరుమంది. ఒక బిల్లుకి యాభై అయిదుగురు ఔనన్నారు, నలభై ఒకరు కాదన్నారు. ఎవరు గెలిచారు? మన ఊళ్ళో మూడో తరగతి పిల్లవాడు తడుముకోకుండా చెప్పే సమాధానం ఇక్కడ తప్పు. 2010 డిసెంబర్ 18, శనివారం నాడు సరిగ్గా ఇదే లెక్కతో డ్రీమ్ యాక్ట్ ఓడిపోయింది. చిన్నతనంలో తల్లిదండ్రుల వెంట కాగితాలు లేకుండా ఈ దేశం వచ్చి, ఇక్కడే బడికి వెళ్ళి పెద్దవాళ్ళయిన పిల్లలకి ఒక దారి చూపిద్దామన్న బిల్లు అది. దిగువ సభ పదిరోజుల ముందే 216–198 ఓట్లతో సరేనంది. ఆ పిల్లల్లో కొందరు గ్రాడ్యుయేషన్ టోపీలు పెట్టుకుని సెనేట్ గ్యాలరీలో కూర్చున్నారని మర్నాడు పేపర్లో చదివాను. కింద తమ వైపు ఎక్కువ చేతులు లేచినా తామెలా ఓడిపోయారో వాళ్ళకి ఎవరైనా విడమరిచి చెప్పారో లేదో!

నేను ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం కూలిపోయే దేశం నుంచి వచ్చినవాణ్ణి. 1999 ఏప్రిల్‌లో 269–270తో వాజ్‌పేయిగారి ప్రభుత్వం పడిపోయినప్పుడు మా నాన్న ఫోనులో ఎంతో వాపోయారు. అయినా ఆ లెక్క అన్యాయమని మాత్రం అనలేదు. ఎక్కువమంది కాదన్నారు, దిగిపోయారు, అంతే. అలాంటి లెక్కకి అలవాటుపడిన బుర్రకి, ఈ దేశపు పెద్దల సభలో 41 అనేది 55 కన్నా పెద్ద సంఖ్య అని నేర్చుకోవడానికి కొంత కాలం పట్టింది. లెక్క నేర్చుకున్నాను కానీ, అది ధర్మమేనా అన్న ప్రశ్న మాత్రం పదిహేనేళ్ళుగా నన్ను వదలడం లేదు.

ఈ పద్ధతికి ఫిలిబస్టర్ అని పేరు. ఓడల మీద పడి దోచుకునేవాళ్ళకి డచ్చివాళ్ళు పెట్టిన పేరు స్పానిష్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి, చివరికి సభని బందీగా పట్టుకునే విద్యకి స్థిరపడింది. రాజ్యాంగంలో ఇది లేదు. నిజానికి రాజ్యాంగం రాసినవాళ్ళకి దీని రుచి అప్పటికే తెలుసు. అంతకు ముందున్న ఏర్పాటులో పదమూడు రాష్ట్రాల్లో తొమ్మిది ఒప్పుకుంటేగాని ముఖ్యమైన పని ఏదీ జరిగేది కాదు. కొద్దిమంది చేతికి ఎక్కువమంది మాటని కొట్టేసే అధికారం ఇస్తే ఏమవుతుందో హామిల్టన్ ఫెడరలిస్ట్ 22వ వ్యాసంలో గట్టిగానే రాశాడు. మరి ఇది ఎలా దూరింది? 1806లో సెనేట్ తన నియమాలు సవరించుకుంటూ, చర్చ ఆపి ఓటుకి వెళ్దామనే తీర్మానాన్ని పనికిరాని సామానులా తీసి పారేసింది. ఎవరూ పెద్దగా ఆలోచించి చేసిన పని కాదది. తలుపు గడియ ఊడబీకాక, ఎవరో ఒకరు ఆ తలుపులోంచి వస్తారు గదా! 1917లో మూడింట రెండు వంతులమంది కోరితే చర్చ ముగించవచ్చునన్నారు. 1975లో దాన్ని అరవైకి తగ్గించారు. అదీ ఆ అరవై కథ.

అడ్డుపుల్ల వేసేవాళ్ళ వైపు న్యాయం లేదని నేననను. ఎక్కువమంది చెప్పినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. పదిమంది కూర్చున్న రచ్చబండ దగ్గర తొమ్మిదిమంది ఒక మాట మీదున్నప్పుడు, పదోవాడి మాట వినకుండా లేచిపోతే ఆ తీర్పు ఊళ్ళో నిలవదు. తొందరపడే సంఖ్యాబలాన్ని కాస్త ఆగమనడం, నీ లెక్క సరేగాని నా మాట విను అనడం, మనిషికి ఉండవలసిన హక్కే. ముఖ్యంగా ఏ ఎన్నికల్లోనూ తమ సంఖ్య పెరగదని ముందే తెలిసిన మనుషులకి. పరాయి దేశంలో బతికే మనలాంటివాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అయితే చిక్కు ఎక్కడుందంటే, సెనేట్‌లో మైనారిటీ వేరు, వీధిలో మైనారిటీ వేరు. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల చాలా మోసం జరిగింది.

నల్లవాళ్ళని గుంపులుగా పట్టుకుని చెట్లకి ఉరితీసే రోజుల్లో, దాన్ని ఫెడరల్ నేరంగా చేయాలని డయ్యర్ అనే ప్రతినిధి తెచ్చిన బిల్లు 1922 జనవరిలో దిగువ సభలో నెగ్గింది. సెనేట్‌లో దక్షిణాది సభ్యులు మాట్లాడి మాట్లాడి దాన్ని చంపేశారు. తరవాత కూడా అలాంటి బిల్లులు వచ్చాయి, అలాగే పోయాయి. 2005 జూన్‌లో సెనేట్ ఆ బిల్లుల్ని ఆమోదించనందుకు క్షమాపణ చెబుతూ ఒక తీర్మానం చేసింది. అసలు చట్టం, ఎమ్మెట్ టిల్ అనే పిల్లవాడి పేరు మీద, 2022 మార్చి 29న వచ్చింది. డయ్యర్ బిల్లు నాటి నుంచి లెక్కేస్తే నూరేళ్ళు. అడ్డుపడ్డ సభ్యులు ఆ సభలో మైనారిటీయే, నిజం. చెట్లకి వేలాడినవాళ్ళు ఎవరు మరి? వాళ్ళ తరఫున అడ్డుపుల్ల వేయడానికి ఆ సభలో ఒక్కడూ లేడు.

1964 పౌరహక్కుల బిల్లు నాటికి గాని ఈ గోడ బద్దలు కాలేదు. నెలల తరబడి చర్చ సాగింది. జూన్ 9 రాత్రి మొదలుపెట్టి వెస్ట్ వర్జీనియా సెనేటర్ రాబర్ట్ బర్డ్ పద్నాలుగు గంటల పైన మాట్లాడాడు. జూన్ 10న చర్చ ముగించాలా వద్దా అన్న ఓటు. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కి మెదడులో కణితి. మాట పడిపోయింది. చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆయన పేరు పిలిచారు. నోరు పెగల్లేదు. మెల్లగా చెయ్యెత్తి తన కన్ను చూపించాడు. ఇంగ్లీషులో కన్నుకీ ఔననడానికీ ఒకటే శబ్దం. 71–29తో చర్చ ముగిసింది. ఎంగిల్ ఆ జూలై నెలాఖరునే పోయాడు. ఈ సభ గురించి నాకు కోపం వచ్చినప్పుడల్లా ఆ వేలు గుర్తు తెచ్చుకుంటాను. అదే సభలో మాట ఉన్నవాడు పద్నాలుగు గంటలు మాట్లాడితే, మాట లేనివాడు ఒక్క వేలితో జవాబు చెప్పాడు.

మనకేమిటి దీంతో సంబంధం అనుకునే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఉందండీ. 1946 చట్టం ప్రకారం భారతదేశం నుంచి ఏడాదికి వందమందికి వలస అనుమతి. వందమంది! మన ఊరి బస్సులో రెండు ట్రిప్పులకి సరిపోతారు. 1965 అక్టోబర్ 3న జాన్సన్ సంతకం పెట్టిన వలస చట్టంతో ఆ తలుపు తెరుచుకుంది. మనిషిని పుట్టిన దేశాన్ని బట్టి తూకం వేయడం తప్పు అన్న మాట ముందు పౌరహక్కుల బిల్లులో నెగ్గబట్టే మరుసటి ఏడు ఇది నెగ్గిందని నా నమ్మకం. ఎంగిల్ చూపించిన కన్ను మనవైపు కూడా చూసిందన్నమాట.

ఇక్కడిదాకా అయితే కథ సులువు. అడ్డుపడేవాడు దుర్మార్గుడు, ముందుకి తోసేవాడు మంచివాడు అనేసి నిద్రపోవచ్చు. నా నిద్ర పాడుచేసింది మా గ్రీన్‌కార్డు గొడవ.

నాకు తమ్ముడి లాంటి మిత్రుడొకడున్నాడు. ఖమ్మం వైపు వాడు. 2016లో దరఖాస్తు పెట్టాడు, ఇప్పటికీ వరసలోనే ఉన్నాడు. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు లక్షా నలభై వేలు. ఏ దేశానికీ ఏడు శాతం మించి ఇవ్వకూడదని నియమం. ఇండియా అయినా ఐస్‌లాండ్ అయినా అదే ఏడు. నాలుగేళ్ళ పిల్లగా తీసుకొచ్చిన వాడి కూతురికి పోయినేడు ఇరవై ఒకటి నిండాయి. తండ్రి వరసలోంచి ఆ అమ్మాయి పేరు జారిపోయింది. ఇప్పుడు స్టూడెంట్ వీసా మీద, తను పెరిగిన ఊళ్ళోనే విదేశీ విద్యార్థిని.

ఆ ఏడు శాతం నియమం ఎత్తేద్దామన్న బిల్లు 2019 జూలై 10న దిగువ సభలో 365–65తో నెగ్గింది. ఈ చీలిపోయిన కాలంలో అంత మెజారిటీ ఎంత అరుదో చెప్పక్కర్లేదు. మా మిత్రుడింట్లో ఆ వారం పాయసం వండారు. సెనేట్‌లో మైక్ లీ అనే సెనేటర్ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించమని కోరాడు. అంటే చర్చ లేదు, అరవై లేదు, ఎవరూ కాదనకపోతే చాలు. అలాంటప్పుడు కాదనడానికి ఒక్కడు చాలు. ముందు కెంటకీ సెనేటర్ రాండ్ పాల్ నర్సుల సంగతి తేల్చమని ఆపాడు. అది సర్దుకుంటుండగా ఇంకొకరు. ఆ తరవాత అక్టోబర్‌లో ఇల్లినాయ్ సెనేటర్ డిక్ డర్బిన్.

డర్బిన్ పేరు వినగానే మా మిత్రుడు కుర్చీలోంచి లేచాడు. “అన్నయ్యా, డ్రీమ్ యాక్ట్ తెచ్చింది ఈయనే గదా! యాభై అయిదు ఓట్లుండి ఓడిపోయినందుకు ఆ రోజు కుమిలిపోయింది ఈయనే గదా! ఇవాళ తనొక్కడు లేచి మనల్ని ఆపుతాడా?”

వాడి బాధ న్యాయమే. కానీ డర్బిన్ చెప్పినదాంట్లోనూ న్యాయం ఉంది. కార్డుల సంఖ్య పెంచకుండా ఏడు శాతం ఎత్తేస్తే, ఏళ్ళ తరబడి ఆ కార్డులన్నీ పెద్ద వరసల్లో ఉన్నవాళ్ళకే పోతాయి, చిన్న దేశాలవాళ్ళు కొత్తగా వరసలో పడతారు, అసలు సంఖ్యే పెంచండి అన్నాడు. ఆ గది బయట మేం మైనారిటీ. ఆ వరసలో మాత్రం మేమే మెజారిటీ! ఆ రోజు ఎక్కడో ఒక నైజీరియా ఇంజనీరు, ఒక ఫిలిప్పీన్స్ నర్సు, మా కోసం తమ చోటు పోకుండా ఆపినందుకు డర్బిన్‌కి దణ్ణం పెట్టుకునే ఉంటారు. ఈ మాట నేను మా తెలుగు మిత్రులతో అంటే నువ్వెవరి వైపు అన్నారు. పౌరసత్వం వచ్చినవాడివి, నీకు చులకనే అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు గాని, లెక్క మాత్రం మారదు.

చివరికి సర్దుబాట్లు చేసి 2020 డిసెంబర్ 2న సెనేట్ ఒక రూపంలో ఆమోదించింది. దిగువ సభ ఆమోదించిన రూపం వేరు. రెంటినీ కలిపేలోపు జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది. రెండు సభలూ ఔనన్న సంగతి చట్టం కాకుండానే చెల్లిపోయింది. ఎవరు చంపారంటే పేరు పెట్టి ఎవర్నీ చూపించలేం. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా వెగటు పుట్టించేది ఇదే.

ఒకే మనిషి ఒక గదిలో మెజారిటీ, ఇంకో గదిలో మైనారిటీ అన్న సంగతి తెలుగువాళ్ళకి 2014లో బాగా తెలిసొచ్చింది. ఉమ్మడి శాసనసభలో 294 స్థానాల్లో తెలంగాణవి 119. ఎన్ని ఎన్నికలొచ్చినా ఆ సంఖ్య 175ని దాటదు. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం ఆ లెక్కకి విరుగుడుగా రాసుకున్నదే. కాగితం మీద హామీలు మిగిలాయి, 1969 వచ్చింది, ఆ తరవాతదంతా చరిత్ర. 2014 జనవరి 30న శాసనసభ మూజువాణి ఓటుతో విభజన బిల్లుని తిప్పికొట్టింది. అక్కడ ఎవరిది సంఖ్యాబలం? మూడు వారాలు తిరక్కుండా ఢిల్లీలో తారుమారు. లోక్‌సభలో ఒకరోజు మిరియాల స్ప్రే కొట్టారు. ఫిబ్రవరి 18న టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా బిల్లు ఆమోదించారు. ఇప్పుడు సీమాంధ్ర సభ్యులు మైనారిటీ, తమ మాట వినలేదని వాళ్ళ గోడు. ఆ నెలలో మా ఊరి తెలుగు సంఘం పాట్‌లక్‌లో రెండు బల్లల మీద రెండు రకాల మౌనం. పులిహోర గిన్నె మాత్రం అటూ ఇటూ తిరిగింది. రాష్ట్రం రావడం ధర్మమని నేను ఆ రోజూ అనుకున్నాను, ఈ రోజూ అనుకుంటున్నాను. అయినా టీవీ ఎందుకు ఆగాలి? గెలవబోయేవాడు ఎదుటివాడి మాట అందరికీ వినిపించేలా ఓడించాలి. దానికి ఖర్చయ్యేది కొన్ని గంటలు. ఆ గంటలు ఇవ్వనందుకు కలిగిన కడుపుమంట ఏళ్ళ తరబడి ఉంది.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది దీని ఖరీదు గురించి. పాత ఫిలిబస్టర్ ఎంత నీచమైన పనికి వాడినా, వాడినవాడికి ఒళ్ళు హూనమయ్యేది. 1957లో పౌరహక్కుల బిల్లుకి వ్యతిరేకంగా స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు నిలబడ్డాడు. వాడి ఉద్దేశం చెడ్డది. కానీ తనేమిటో దేశమంతా చూసింది, ఎవరు ఆపుతున్నారో అందరికీ తెలిసింది. 1970ల్లో ఒక సౌకర్యం కనిపెట్టారు. అడ్డుపడ్డ బిల్లుని ఒక పక్క పెట్టి వేరే పనులు సాగించడం. అప్పటినుంచి నిలబడక్కర్లేదు, నోరు విప్పక్కర్లేదు. అడ్డుపడతామని కబురు పంపితే చాలు. ఆపదలచుకున్న నలభై ఒకరు ఇంటికెళ్ళి భోంచేసి పడుకోవచ్చు. ఓటు రోజున సభకి రాకపోయినా వాళ్ళకి నష్టం లేదు, అరవైమందిని పోగుచేసుకోవలసిన బాధ్యత అవతలివాళ్ళదే. 2025లో మార్చి 31 సాయంత్రం మొదలుపెట్టి 25 గంటల 5 నిమిషాలు మాట్లాడి కోరీ బుకర్ అనే నల్లజాతి సెనేటర్ థర్మండ్ రికార్డు బద్దలుకొట్టినప్పుడు, మా ఇంట్లో అందరం సంబరపడ్డాం. అయితే ఆయన ఏ బిల్లునీ ఆపడం లేదు. ఇప్పుడు మాట్లాడేవాడు ఆపడు, ఆపేవాడు మాట్లాడడు.

మరి ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోంది? అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం మూతపడింది. 53 సీట్లున్న రిపబ్లికన్లకి అరవై దొరకలేదు, ఆరోగ్య బీమా రాయితీలు పొడిగించందే ఇవ్వమని డెమోక్రాట్లు పట్టుపట్టారు. వాళ్ళ కోరిక నాకు నచ్చినదే. కానీ ఆ రోజుల్లో జీతం లేకుండా విమానాలు నడిపించిన కంట్రోలర్లు, నవంబర్‌లో తిండి సాయం కార్డులో డబ్బు పడక షాపులోంచి వెనక్కి వచ్చిన తల్లులు, వీళ్ళెవరూ ఆ పందెంలో కూర్చోలేదు. సెనేటర్ల జీతం రాజ్యాంగం ప్రకారం ఆగదు. ఎదుటివాడి ఆకలితో నిరాహారదీక్ష చేయడం లాంటిదిది. ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములుగారు ఆపింది తన అన్నం.

పార్టీలు ఈ విషయంలో ఎంత తొందరగా వేషం మారుస్తాయో చూస్తుంటే మా వీధి భాగవతులు నయమనిపిస్తుంది. 2005లో జడ్జీల విషయంలో ఈ నియమం ఎత్తేస్తామని బెదిరించింది రిపబ్లికన్లు, అమ్మో ప్రజాస్వామ్యం పోతుందన్నది డెమోక్రాట్లు. 2013 నవంబర్‌లో డెమోక్రాట్లే 52–48తో చాలా పదవులకి ఎత్తేశారు. 2017లో సుప్రీంకోర్టుకి కూడా రిపబ్లికన్లు ఎత్తేశారు. 2022 జనవరిలో ఓటు హక్కుల బిల్లు కోసం డెమోక్రాట్లు ఇంకొంచెం సడలిద్దామంటే వాళ్ళలోనే ఇద్దరు ఎదురు తిరిగి 48–52తో పోయింది. 2025 మూసివేతలో ట్రంప్ మొత్తం తీసిపారేయమంటే ఆయన పార్టీ సెనేట్ నాయకుడే ఒప్పుకోలేదు. రేపు మనం ఓడిపోతే ఎలా అన్న భయమే ఇన్నేళ్ళూ దీన్ని కాపాడుతోంది. భయం చెడ్డ కాపలాదారు కాదు గాని, ధర్మం మాత్రం కాదు.

నా మటుకు నాకు, ఆపేవాళ్ళు సభలో నిలబడి ఆపాలి, ఆపుతున్నంతసేపూ కారణం చెప్పాలి, ఒక హద్దు దాటాక ఓటు జరగాలి, 51 అంటే 51 కావాలి. వినిపించుకునే హక్కు అందరిదీ, గెలిచే హక్కు గెలిచినవాళ్ళది. ఈ మాట మా అమ్మాయి దగ్గరంటే తను ఒప్పుకోలేదు. ఇక్కడే పుట్టింది, లా చదువుతోంది, నాకన్నా ఈ దేశం గురించి ఎక్కువ తెలుసు.

“సరే నాన్నా, ఆ 51 మంది రేపు వలస వచ్చినవాళ్ళకి వ్యతిరేకంగా చట్టం చేస్తేనో? అప్పుడు కూడా 51 చాలంటావా?” అంది.

“అప్పుడు ఎవరు చేశారో పేరుపేరునా తెలుస్తుంది. రెండేళ్ళకోసారి మూడో వంతుమంది మన ముందుకి రావాలి గదా, ఓటుతో అడుగుతాను. ఇప్పుడు ఎవర్ని అడగను? ఏ పనీ జరగలేదంటే ఏ తప్పూ ఎవరిదీ కాదు” అన్నాను. ముప్ఫై తొమ్మిది మిలియన్ల మంది ఉన్న కాలిఫోర్నియాకీ ఆరు లక్షలు నిండని వయోమింగ్‌కీ చెరి ఇద్దరు సెనేటర్లున్నప్పుడు, చిన్నవాళ్ళకి ఆ సభలో బలం ఇప్పటికే సరిపోయినంత ఉందని కూడా అన్నాను. తిరిగి ఇవ్వలేనిది లాక్కోబోతే ఆపడానికి రాజ్యాంగం, కోర్టులు ఉండాలిగాని, ఎప్పుడు ఎవరి పక్షాన ఉంటారో తెలియని నలభై ఒకరు కాదన్నాను.

మా మిత్రుడి కూతురు ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. అంతసేపూ ఫోన్ చూసుకుంటున్న పిల్ల తలెత్తి, “అంకుల్, ఎన్నికలదాకా ఆగి ఓటేసి అడుగుతానన్నారు గదా, నేను ఆగడానికి నా వీసాలో అన్ని నెలలు లేవు. ఉన్నా నాకు ఓటు లేదు” అంది.

మా అమ్మాయి నావైపు చూసింది. ఆ పిల్లకి ఓటు లేదు గనకే ఓటున్న నేను పేర్లు గుర్తుపెట్టుకోవాలి అన్నాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. కాసేపయ్యాక ముగ్గురం కలిసి మా సెనేటర్ ఆఫీసుకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాం. ఏడు శాతం ఎత్తేయమని రాయాలా, సంఖ్య పెంచమని రాయాలా అన్న దగ్గర మా ముగ్గురికీ కుదరలేదు. భోజనాల వేళయ్యేదాకా వాదించుకున్నాం.